నాయన మలబద్ధకానికీ పార్కిన్సన్స్‌కీ సంబంధం ఉందా? గోళీలు మానేస్తానంటున్నాడు

ఆదోని అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది ఆదోని. మా నాయనకు 67 ఏళ్లు. పత్తి మార్కెట్ యార్డులో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా చేశాడు. ఆయన రాసిన లెక్కల పుస్తకాలు మీరు చూడాలి. పెద్ద పెద్ద అక్షరాలు, కొట్టివేత అన్నది ఉండదు. ఐదేళ్ల కిందట ఆ రాత చిన్నదవుతూ వచ్చింది. వరుస మొదట్లో బాగానే ఉండేది, చివరికి పోయేసరికి చీమల బారు అయ్యేది. ముందు పట్టుకున్నది షావుకారే. "ఏమప్పా, అంకెలు నాకు కనపడేటట్టు రాయి" అన్నాడంట. చూపు తగ్గిందేమో అని కళ్లద్దాలు మార్పించాం. ఇంకో ఏడాదికి కుడి చెయ్యి వణకడం, కాలు ఈడ్చడం మొదలైంది. కర్నూలు తీసుకుపోతే నరాల డాక్టరు చూసి పార్కిన్సన్స్ అని చెప్పారు. అప్పటి నుంచి సిండోపా వాడుతున్నాడు.

నేను అడగాలనుకున్నది కడుపు సంగతి. నా పెళ్లినాటికే, అంటే ఇరవై ఏళ్ల కిందటే, నాయనకు మోషన్ సరిగా అయ్యేది కాదు. మూడు రోజులకోసారి, ఒక్కోసారి నాలుగు. కుర్చీలో కూర్చుని చేసే పని కాబట్టి అలా అవుతోందని అందరం అనుకున్నాం. అమ్మ ఆముదం ఇచ్చేది, ఆయన త్రిఫల చూర్ణం తెచ్చుకునేవాడు. ఇంకోటి, వాసన కూడా పోయింది. పొయ్యి మీద తిరగవాత మాడిపోయి ఇల్లంతా పొగ కమ్మినా పక్క గదిలో ఆయనకు తెలిసేది కాదు. ఇవన్నీ ఇప్పుడు కూర్చుని కలుపుకుంటుంటే ఏడుపొస్తోంది.

పోయిన వారం నాయనకు ఎవరో ఒక వీడియో పంపించారు. పార్కిన్సన్స్ పేగుల్లోని బ్యాక్టీరియా వల్లే వస్తుందని, మంచి బ్యాక్టీరియా పొడి మూడు నెలలు తాగితే గోళీలు మెల్లగా మానేయొచ్చని అందులో చెప్పారు. మూడు నెలల పొడికి 7,800 రూపాయలు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, నా భయం గోళీల గురించి. నాయన అప్పుడే రాత్రి గోళీ ఎగ్గొట్టడం మొదలుపెట్టాడు. "మధ్యాహ్నం గోళీ ఎట్లా పని చేయట్లేదు పాపా, ఊరికే మింగుతున్నా" అంటాడు. అది నిజమే. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం దాకా మంచం దిగలేడు.

ఇప్పుడు వేసుకుంటున్న తీరు: పొద్దున ఏడింటికి పాలతో (ఖాళీ కడుపున వికారం అంటాడు), మధ్యాహ్నం ఒంటిగంటకు సంగటి, పప్పు తిన్నాక, రాత్రి భోజనం అయ్యాక. నీళ్లు చాలా తక్కువ తాగుతాడు, లేచి బాత్రూముకు పోవడం కష్టమని.

పేగుల బ్యాక్టీరియా కథ నిజమా? నిజమైతే మేం ఏం చేయాలి?


అనంతపురం జువాలజీ మాస్టారు:

అమ్మా, ముందు ఒక్క మాట. నాయనను గోళీ ఎగ్గొట్టనివ్వొద్దు. సిండోపాలోని అసలు మందు లెవోడోపా. దాన్ని ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు కొయ్యబారి, విపరీతమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. తగ్గించాలన్నా పెంచాలన్నా డాక్టరే చేయాలి. ఇది ఈ రాత్రే ఆయనకు చెప్పు, మిగతాది తీరిగ్గా చదువు.

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. నాకూ పార్కిన్సన్స్ ఉంది, తొమ్మిదో ఏడు నడుస్తోంది. నాది ఎడమ చెయ్యి. ఈ జవాబు రెండు రోజులు, పొద్దున గోళీ పని చేస్తున్న గంటల్లో టైపు చేశాను. అందుకే ఆలస్యమైంది.

నీ అనుమానం పిచ్చిది కాదు. ఈ జబ్బును 1817లో మొదటిసారి వివరంగా రాసిన జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు చూసింది ఆరుగురినే. వాళ్ల గురించి రాస్తూ మలబద్ధకం సంగతి కూడా రాశాడు. ఆ తర్వాత చాలాకాలం అందరి చూపూ మెదడు మీదే ఉండిపోయింది. 2003లో హైకో బ్రాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఆయన బృందం చనిపోయినవాళ్ల శరీరాలను పరీక్షించి ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. ఈ జబ్బులో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీన్ మెలికపడి నరాల కణాల్లో గడ్డకడుతుంది. ఆ గడ్డలు మెదడులోనే కాదు, పేగుల గోడల్లోని నరాల్లో కూడా ఉంటాయి. అంటే జబ్బు కడుపులోనో ముక్కులోనో మొదలై మెల్లగా మెదడుకు ఎక్కుతోందేమో అన్నారు. మీ నాయన మలబద్ధకం, వాసన పోవడం, రెండూ ఆ దారిలోవే.

కడుపు నుంచి పైకి ఎక్కే దారి పేరు వేగస్ నాడి. పదో కపాల నాడి. ప్రాక్టికల్స్‌లో కప్పను కోసి ఆ తెల్లటి దారాన్ని సూదితో పైకెత్తి ఎన్ని బ్యాచ్‌లకు చూపించానో లెక్క లేదు. నా జబ్బు నాలో ఆ దారం వెంబడే ఎక్కి ఉండొచ్చని చదివిన రోజు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. దీనికి ఒక ఆధారం డెన్మార్క్ నుంచి వచ్చింది. ఇప్పుడున్న యాసిడ్ మందులు లేని రోజుల్లో కడుపులో పుండ్లకు వేగస్ నాడిని కోసేసేవారు. అలా ఆ నాడిని పూర్తిగా కోయించుకున్నవాళ్ల రికార్డులు తీసి 2015లో లెక్క వేశారు. ఆపరేషన్ అయి ఇరవై ఏళ్లు దాటినవాళ్లలో పార్కిన్సన్స్ మామూలు జనంలో కంటే తక్కువగా కనిపించింది. రెండేళ్ల తర్వాత స్వీడన్ లెక్కలూ దాదాపు అదే దారిలో వచ్చాయి. అయితే అందరిలో ఇలా కింది నుంచే మొదలవుతుందని కాదు. కొందరిలో మెదడులోనే మొదలవుతుంది. నాకు మలబద్ధకం చెయ్యి వణికిన తర్వాతే వచ్చింది.

ఇక బ్యాక్టీరియా. 2016లో అమెరికాలోని కాల్‌టెక్‌లో సర్కిస్ మజ్మానియన్ బృందం ఆల్ఫా సైన్యూక్లిన్ ఎక్కువగా తయారయ్యేలా చేసిన ఎలుకలను రెండు రకాలుగా పెంచింది. మామూలుగా పెరిగినవాటికి కదలికలు దెబ్బతిన్నాయి. పేగుల్లో ఒక్క బ్యాక్టీరియా కూడా లేకుండా పెంచినవాటికి ఆ బాధ చాలా తక్కువ. వాటి పేగుల్లోకి పార్కిన్సన్స్ రోగుల మలంలోని బ్యాక్టీరియాను పంపితే బాధ పెరిగింది, ఆరోగ్యవంతుల బ్యాక్టీరియాను పంపితే అంతగా పెరగలేదు. గొప్ప ప్రయోగం. కానీ అవి జబ్బు వచ్చేలా తయారుచేసిన ఎలుకలు. బ్యాక్టీరియా ఆ జబ్బును ఎగదోసింది, ఏమీ లేని చోట పుట్టించలేదు. మీ నాయనకొచ్చిన వీడియో ఈ తేడాను మింగేసింది.

ఆ పొడి గురించి నాకు కోపం వచ్చే సంగతి ఇంకొకటుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల మలాన్ని దేశదేశాల్లో పరీక్షించారు. పేగు గోడకు మేలు చేసే బ్యూటిరేట్ అనే పదార్థాన్ని తయారుచేసే ఫీకలిబ్యాక్టీరియం, రోస్‌బ్యూరియా లాంటివి తగ్గాయి. లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం మాత్రం పెరిగి ఉన్నాయి. పొడుల్లో, క్యాప్సూళ్లలో ఎక్కువగా అమ్మేది ఈ రెండు జాతులనే! మన కడుపులో ఇప్పటికే ఎక్కువగా ఉన్నవాటిని డబ్బు పెట్టి కొని, అవి తక్కువయ్యాయని నమ్మమంటున్నారు. అంతమాత్రాన అవి చెడ్డవి అనను. మలేసియాలో 72 మంది పార్కిన్సన్స్ రోగులతో నాలుగు వారాలు పరీక్షించినప్పుడు అలాంటి క్యాప్సూళ్లతో మోషన్ కొంత మెరుగైంది. మోషన్ వరకే. వణుకు పోతుందని, గోళీ మానొచ్చని అనడానికి ఆధారం లేదు.

ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను రోగి పేగుల్లోకి ఎక్కించి కూడా చూశారు. బెల్జియంలోని గెంట్‌లో 46 మందిని ఏడాది పాటు గమనించి 2024లో ఫలితాలు ఇచ్చారు. కదలికల్లో కొద్దిపాటి మెరుగు కనిపించింది. అదే ఏడాది ఫిన్లాండ్ వాళ్ల పరీక్షలో తేడా ఏమీ రాలేదు. పెద్ద ఆసుపత్రుల్లో, అన్ని జాగ్రత్తల మధ్య చేస్తేనే సంగతి ఇక్కడ ఉంది. అలాంటప్పుడు ఫోన్‌లో ఆర్డరిచ్చిన డబ్బా మీ నాయన గోళీకి బదులు ఎలా అవుతుంది చెప్పు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మీ నాయన మధ్యాహ్నం గోళీ పని చేయట్లేదు అన్నావే, దాని జవాబు నువ్వు రాసిన వేళల్లోనే ఉంది. లెవోడోపా చిన్నపేగుల పైభాగంలో రక్తంలోకి ఎక్కి, మెదడుకు చేరాక డోపమిన్‌గా మారాలి. ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే రసాయనం ఆ డోపమినే. పప్పు, పాలు, మాంసం తింటే వచ్చే అమైనో ఆమ్లాలు కూడా అదే ద్వారం గుండా పోవాలి. తొక్కిసలాటలో గోళీ వెనక పడిపోతుంది. మెదడు గడప దగ్గర మళ్లీ అదే తొక్కిసలాట. పైగా మనకు జీర్ణాశయమే మందకొడిగా కదులుతుంది, సంగటి ముద్ద దిగేదాకా గోళీ అందులోనే నానుతూ ఉంటుంది. బ్యాక్టీరియా పాత్ర నిజంగా మన గోళీని తాకేది ఇక్కడే. ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా లెవోడోపాను పేగులోనే డోపమిన్‌గా మార్చేస్తుందని 2019లో హార్వర్డ్ వాళ్లు చూపించారు. పేగులో డోపమిన్‌గా మారితే అది మెదడులోకి పోలేదు. సిండోపాలో తోడుగా ఉండే కార్బిడోపా ఇదే మార్పు చేసే మన ఒంటి ఎంజైమును ఆపుతుంది, ఈ బ్యాక్టీరియా ఎంజైమును సరిగా ఆపలేదు. కాబట్టి గోళీ కడుపులో ఎంత తక్కువ సేపు ఉంటే అంత మంచిది.

డాక్టరును అడిగి ఇలా మార్చి చూడండి. తిండికి అరగంట, కుదిరితే ముప్పావుగంట ముందు గోళీ, నిండు గ్లాసు నీళ్లతో. పాలు వద్దు. వికారం అంటే గుప్పెడు బొరుగులు నమలమను, వాటిలో ప్రోటీన్ తక్కువ. నేను ఇన్నేళ్లుగా చేస్తున్నది అదే. పప్పు మానేయొద్దు, మనిషి బక్కచిక్కిపోతాడు. పగలు కొంచెం తగ్గించి రాత్రి పూటకు మార్చుకోవచ్చు.

మోషన్ సంగతి చిన్నచూపు చూడొద్దు. పేగు కట్టేస్తే గోళీ కూడా సరిగా పని చేయదు. జొన్నరొట్టె, పుంటికూర, కొర్రన్నం మన ఇళ్లలో ఎప్పుడూ ఉండేవే, పైన చెప్పిన బ్యూటిరేట్ బ్యాక్టీరియాకు తిండి ఈ పీచే. కానీ నీళ్లు లేకుండా పీచు పెడితే ఇంకా గట్టిపడుతుంది. ముందు నీళ్లు. బాత్రూము దూరమైతే మంచం పక్కన యూరిన్ సీసా పెట్టు. ఆయన సిగ్గుపడతాడు, నేనూ పడ్డాను. పది రోజుల్లో అలవాటైంది.


ప్రొద్దుటూరు:

అక్కా, మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతున్నా, ఎందుకంటే మేం ఎనిమిది నెలలు నరకం చూశాం.

మా అమ్మకు గ్యాస్, కడుపుబ్బరం అని ఒక డాక్టరు క్యాప్సూల్ రాశారు. తగ్గింది. తగ్గింది కదా అని చీటీ చూపించి మేమే మళ్లీ మళ్లీ తెచ్చాం. ఆరో నెలలో అమ్మ ముఖంలో నవ్వు పోయింది. పలకరిస్తే కళ్లు మాత్రమే తిరిగేవి. రెండు చేతులూ వణికేవి, చీర కుచ్చిళ్లు పెట్టుకోలేకపోయింది. పార్కిన్సన్స్ అనుకుని బెంగళూరు పోయాం. అక్కడ డాక్టరమ్మ పరీక్ష కంటే ముందు "వాడే మందులన్నీ బల్ల మీద పెట్టండి" అన్నారు. గ్యాస్ క్యాప్సూల్ అట్ట తిప్పి లెవోసల్‌పిరైడ్ అన్న పేరు మీద వేలు పెట్టి, ముందు ఇది ఆపండి అన్నారు. అది డోపమిన్‌ను అడ్డుకుంటుందంట. ఐదు నెలలు పట్టింది, మెల్లగా అమ్మ మామూలైంది.

మీ నాయనకు అసలు పార్కిన్సన్సే ఉండొచ్చు, గోళీ వేస్తే గుణం కనిపిస్తోంది కదా. కానీ కడుపు బాగాలేదని పక్కన ఎవరైనా ఇలాంటిది ఇచ్చి ఉంటే జబ్బు ఇంకా ముదిరినట్టు ఉంటుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరిగితే ఇచ్చే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ కూడా ఇదే పని చేస్తాయని ఆమె మాకు రాసిచ్చారు. వాంతికి తప్పదంటే డోంపెరిడోన్ ఇస్తారంట, అది మెదడులోకి పెద్దగా పోదు. ఆ కాగితం నేను పర్సులో పెట్టుకుని తిరుగుతున్నా. ఏ ఆసుపత్రికి పోయినా ముందు అది చూపించి అప్పుడు నోరు విప్పుతా.


కర్నూలు మెడికల్స్:

షాపులో రోజూ చూసే రెండు పొరపాట్లు చెప్తాను. నీరసంగా ఉన్నాడని పెద్దాయనకు సిండోపాతో పాటే ఐరన్ గోళీ వేస్తారు. ఐరన్ దాన్ని పట్టేసుకుంటుంది, మధ్యలో రెండు గంటలైనా ఎడం ఉండాలి. రెండోది, బలానికని ప్రోటీన్ పౌడర్ కలిపిన పాలల్లోనే గోళీ మింగిస్తారు. ఇక ఇసబ్గోల్ తీసుకుపోతే చెంచాకు పెద్ద గ్లాసు నీళ్లు తప్పనిసరి. పార్కిన్సన్స్‌లో మింగడం కష్టమయ్యేవాళ్లకు అది గొంతులో ఉబ్బి అడ్డం పడే ప్రమాదం ఉంది, వాళ్లకు డాక్టరు వేరే రాస్తారు.


ఆదోని అమ్మాయి:

ఐదు వారాల తర్వాత రాస్తున్నా. మాస్టారూ, మీ జవాబు నాయనకు మొత్తం చదివి వినిపించాను. యూరిన్ సీసా దగ్గరికి వచ్చేసరికి ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. కానీ మీకూ సిగ్గేసిందని విన్నాక ఆ రాత్రే పెట్టమన్నాడు. ఇప్పుడు రోజుకు ఏడెనిమిది గ్లాసులు తాగుతున్నాడు.

ప్రొద్దుటూరు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టు మందుల డబ్బా మొత్తం మంచం మీద బోర్లించాను. గ్యాస్ క్యాప్సూల్ లేదు. కానీ రెండేళ్ల కిందట తల తిరుగుతోందంటే వీధిలో ఇచ్చిన సిన్నరిజిన్ అట్ట దొరికింది. అప్పుడప్పుడు వేసుకుంటున్నాడంట, మాకెవరికీ చెప్పలేదు. కర్నూలులో డాక్టరుకు చూపిస్తే వెంటనే ఆపించారు. నిలబడగానే తల తిరగడం బీపీ పడిపోవడం వల్ల అని, అది కూడా ఈ జబ్బులో భాగమే అని చెప్పారు. గోళీల వేళలు ఆయనే మార్చి రాసిచ్చారు, మోషన్‌కు నీళ్లలో కలుపుకునే పొడి ఇచ్చారు. ఇప్పుడు రోజు మార్చి రోజు అవుతోంది. మధ్యాహ్నం గోళీ పన్నెండింటికి, బొరుగులతో. మంచం దిగడం లేదని రాశానే, పోయిన సోమవారం మూడు గంటలప్పుడు తనే లేచి వాకిట్లో కూర్చున్నాడు. సాయంత్రాలు ఇంకా కష్టంగానే ఉన్నాయి. వణుకు అలాగే ఉంది.

పొడి కొనలేదు. ఆ వీడియో పంపినాయనకు నాయనే ఫోన్ చేసి, గోళీ మానమని ఇంకెవరికీ పంపొద్దని చెప్పాడు.

ఇంకొకటి అడగాలి, ఇంట్లో ఎవరితోనూ అనలేక ఇక్కడ అడుగుతున్నా. నాకూ చిన్నప్పటి నుంచి మలబద్ధకమే. ఇప్పుడు 44 ఏళ్లు. ఇవన్నీ చదివినప్పటి నుంచి రాత్రి నిద్ర పట్టడం లేదు. పొద్దున లేవగానే అగరుబత్తి వాసన చూసుకుంటున్నా, తెలుస్తోందా లేదా అని.


అనంతపురం జువాలజీ మాస్టారు:

తల్లీ, నేను రాసినదే నిన్ను భయపెట్టింది కాబట్టి దీనికి జవాబు నా బాధ్యత.

మలబద్ధకం ముందే వస్తుందని గట్టిగా చూపించిన పరిశోధనల్లో ఒకటి హవాయిలో, హోనలూలులో జరిగింది. 2001లో వచ్చింది. 6,790 మంది మగవాళ్లను రోజుకు ఎన్నిసార్లు మోషన్ అవుతుందో అడిగి రాసుకుని, 24 ఏళ్ల వరకు గమనించారు. రోజుకు ఒకసారి కూడా కానివాళ్లకు, రోజుకొకసారి అయ్యేవాళ్ల కంటే పార్కిన్సన్స్ వచ్చే అవకాశం 2.7 రెట్లు ఉందని తేలింది. రెట్లు అన్న మాట వింటే గుండె జారుతుంది. కానీ ఆ 6,790 మందిలో అన్నేళ్లలో పార్కిన్సన్స్ వచ్చింది మొత్తం 96 మందికి. నూటికి ఒకరో ఇద్దరో. మలబద్ధకం ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి అది రానేలేదు. మలబద్ధకం మన దేశంలో ఇంటికొకరికి ఉంటుంది, దానికి థైరాయిడ్, ఐరన్ గోళీలు, నీళ్లు తాగకపోవడం, పొద్దున తీరిక లేకపోవడం, వంద కారణాలు. మీ నాయనకు వచ్చినట్టు అరవై దాటాక మొదలైన పార్కిన్సన్స్‌లో ఎక్కువ భాగం తల్లిదండ్రుల నుంచి నేరుగా దిగేది కాదు.

చిన్నప్పటి నుంచి ఉన్నదంటున్నావు కాబట్టి ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకో. నాయనకు పోసే నీళ్లలో నువ్వూ ఒక గ్లాసు తాగు. అగరుబత్తి దేవుడి దగ్గర వెలిగించు, ముక్కు దగ్గర పెట్టి రోజూ చూసుకోవద్దు, రోజూ చూసుకుంటే ఏ వాసనైనా తగ్గినట్టే అనిపిస్తుంది.

నాయన సాయంత్రాలు కష్టంగా ఉన్నాయన్నావు. గోళీ వేసిన టైము, పని చేయడం మొదలైన టైము, మళ్లీ ఒళ్లు బిగిసిన టైము ఒక వారం రాసి పెట్టండి. నాలుగో డోసు కలపాలా, ఉన్నవాటి ఎడం తగ్గించాలా అన్నది డాక్టరు ఆ కాగితం చూసే తేలుస్తారు. ఆ లెక్క ఆయన చేతే రాయించు. అక్షరం చిన్నదైనా పర్వాలేదు, గీతల నోట్‌బుక్కులో రెండు గీతలకు ఒక వరుస చొప్పున పెద్దగా రాయమని చెప్పు. గీత కనిపిస్తే మన చెయ్యి కొంచెం మాట వింటుంది, నేను అలాగే రాస్తున్నాను.